డబ్బు అడగని కిటికీ దగ్గర మనం అడగవలసినవి

నా పుట్టిల్లు పాతపట్నం, మెట్టినిల్లు పర్లాకిమిడి. రెండింటికీ మధ్య ఉన్నది రాష్ట్రాల సరిహద్దు ఒక్కటే. గజపతి జిల్లాలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో 22 ఏళ్లు ఫార్మసిస్టుగా పనిచేశాను. మందులిచ్చే కిటికీకి ఇవతల నేను, అవతల చీటీలు పట్టుకున్న చేతులు. అక్కడ నేర్చుకున్నది మీ ఇంటికి పనికొస్తుందని రాస్తున్నాను.

2015లో ఒడిశాలో ‘నిరామయ’ పథకం వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో రాసిన మందులు అక్కడే ఉచితంగా ఇవ్వాలన్నది దాని ఉద్దేశం. అంతకుముందు చాలా మందులు బయట కొనుక్కోవలసి వచ్చేది. చీటీ పట్టుకుని నా దగ్గరికి వచ్చి, “అమ్మా, ఇందులో తప్పనిసరిగా వాడాల్సింది ఏది? మూడు రోజులవి కొంటే సరిపోతుందా?” అని అడిగేవారు. డబ్బు లేక అడిగే మాట అది. వింటే కడుపు తరుక్కుపోయేది. బీపీ మాత్రలు సగం నెలకే కొనుక్కుని, మిగిలిన సగం నెల దేవుడి మీద భారం వేసినవాళ్లను చూశాను. నిరామయ వచ్చాక ఆ ప్రశ్న వినపడలేదు. ఎంతో సంతోషించాను. కొన్నాళ్లకు దాని చోట ఇంకో ప్రశ్న మొదలైంది: “ఇంతేనా? ఇంకేమీ ఇవ్వరా?”

జేబులోంచి తీసి ఇచ్చే రోజుల్లో ‘ఇది నాకు అవసరమా’ అని డబ్బే మనచేత అడిగించేది. ఇప్పుడు ఎవరూ అడిగించరు కాబట్టి మనంతట మనమే అడగాలి. ఎక్కడ అడగాలో, ఎలా అడగాలో, ఎక్కడ ఏమీ అడగకుండా పరుగెత్తాలో నాకు తెలిసినంతవరకు చెబుతాను.

ముందు ఇంట్లో మందులన్నీ పాత పేపరు మీద పోయండి

ఈ పని ఆసుపత్రికి వెళ్లక ముందే, ఏ జబ్బూ లేని ఆదివారం నాడు చేయాలి. అలమరలో, ఫ్రిజ్ మీద, దేవుడి గూట్లో, పెద్దవాళ్ల దిండు కింద, ఎక్కడెక్కడ మందులున్నాయో అన్నీ తెచ్చి నేల మీద పేపరు పరిచి పోయండి. మా ఇంట్లో నేను ఆ పని చేసింది ఆలస్యంగా. చేసేసరికి జరగవలసింది జరిగిపోయింది.

మా అత్తగారికి అప్పుడు 74 ఏళ్లు. మోకాళ్ల నొప్పులు. వీధిలో తోటి ఆడవాళ్లతో కలిసి వారానికోసారి ఆసుపత్రికి వెళ్లేవారు. కూతురిని చూడటానికి పాతపట్నం వెళ్లినప్పుడు అక్కడ ఇంకో డాక్టరుకు చూపించుకునేవారు. ఊళ్లో ఉచిత శిబిరం పెడితే అక్కడికీ వెళ్లేవారు. ఎక్కడికి వెళ్లినా డబ్బు అడగలేదు, ఎక్కడికి వెళ్లినా మందులిచ్చారు. ఒక తెల్లవారుజామున తారులాంటి నల్లటి విరేచనం అయి, స్నానాల గది గుమ్మంలో పడిపోయారు. బరంపురం తీసుకెళ్లాం. గొట్టం వేసి చూస్తే కడుపులో పుండు, దాని నుంచి రక్తం. రెండు యూనిట్ల రక్తం ఎక్కించాక గాని ముఖం తెల్లదనం తగ్గలేదు.

ఇంటికి వచ్చిన రాత్రి ఆమె మంచం కింద బిస్కెట్ల డబ్బా తెరిచాను. 31 మందుల షీట్లు. ఒకచోట డైక్లోఫెనాక్, ఇంకోచోట అసిక్లోఫెనాక్. పేర్లు వేరు, రంగులు వేరు, చేసే పని ఒక్కటే, కడుపులో పుండు చేసే గుణమూ ఒక్కటే. పొద్దున ఒకటి, రాత్రి ఇంకొకటి, నెలకు పైగా వేసుకున్నారు. రాసిన ప్రతి డాక్టరూ తను రాసినది ఒక్కటే అనుకున్నారు. ఆ డబ్బాలో కొన్ని షీట్ల వెనక నా అక్షరాలే ఉన్నాయి: ‘ఉదయం 1, తిన్నాక’. నా చేతితో ఇచ్చినవే.

కాబట్టి పేపరు మీద పోశాక ఇలా వేరు చేయండి. షీటు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కంపెనీ పేరు. దాన్ని వదిలేయండి. ఆ పక్కనో కిందనో మందు అసలు పేరు ఉంటుంది. అదే చూడాలి. ఒకే అసలు పేరున్నవన్నీ ఒక కుప్ప. డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ పేర్లు వేరైనా వాటిని మాత్రం ఒకే కుప్పలో వేయండి, నొప్పి మాత్రలు రెండు రకాలు ఏ రోజూ కలవకూడదు. పారాసెటమాల్‌ను వెతికి పట్టుకోండి. అది జ్వరం మాత్రలో ఉంటుంది, జలుబు మాత్రలో ఉంటుంది, నొప్పి మాత్రలో కూడా కలిసి ఉంటుంది. పెద్దవాళ్లకు రోజుకు అన్నీ కలిపి 4 గ్రాములు, అంటే 500 మిల్లీగ్రాముల మాత్రలు 8 దాటితే కాలేయానికి ప్రమాదం. బక్కపలచని వారికి, మద్యం తాగేవారికి అంతకంటే తక్కువలోనే ఆపాలి.

షీటు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. యాంటీబయాటిక్స్ మీద ఆ గీత ఉంటుంది. సగం వాడి దాచిన యాంటీబయాటిక్ ఇంట్లో ఉండటానికి వీల్లేదు. పక్కింటి పిల్లాడికి ఇవ్వడానికి అసలే వీల్లేదు. గడువు దాటినవి, ఎవరివో తెలియనివి షీటులోంచి తీసి, వాడేసిన టీ పొడిలోనో మట్టిలోనో కలిపి, కవరులో కట్టి చెత్తలో వేయండి. కాలువలో పారేయకండి.

ఉద్దానం మనకు దూరం కాదు. కవిటి, సోంపేట, కంచిలి వైపు మూత్రపిండాల జబ్బుతో కుప్పకూలిన కుటుంబాలు మన చుట్టాల్లో చాలామందికి ఉన్నాయి. అక్కడి జబ్బుకు మూలకారణం ఏదన్నా కానివ్వండి, మూత్రపిండాలు దెబ్బతిన్నవారికి ఈ నొప్పి మాత్రలు ఇంకా చెరుపు చేస్తాయన్నది వైద్యులందరూ చెప్పేదే. అటువంటి ప్రాంతంలో ఉండి, డబ్బు పెట్టనక్కర్లేదు కదా అని నొప్పి మాత్ర వేసుకోవడం చూస్తే నాకు భయమేస్తుంది.

ఎప్పుడు ఆగవచ్చు, ఎప్పుడు ఆగకూడదు

జలుబు, ముక్కు కారడం, గొంతు గరగర: పెద్దవాళ్లకు, ఊపిరి బాగా ఆడుతున్న పిల్లలకు వారం పది రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. ఇవి వైరస్‌ల వల్ల వచ్చేవి, యాంటీబయాటిక్ వీటిని తాకలేదు. దగ్గు ఇంకొన్ని రోజులు సాగవచ్చు. రెండు వారాలు దాటితే మాత్రం కఫం పరీక్షకు వెళ్లాలి, క్షయ సంగతి తేల్చుకోవాలి.

నడుము పట్టేస్తే చాలామందికి నాలుగైదు వారాల్లో సర్దుకుంటుంది. మంచం మీద పడుకోవడం కంటే ఓర్చుకోగలిగినంత తిరగడమే మేలు. కాలు మొద్దుబారి బలం తగ్గినా, మూత్రం, విరేచనం పట్టు తప్పినా, జ్వరం వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, పడి దెబ్బ తగిలిన తర్వాత వచ్చిన నొప్పి అయినా ఆగకండి.

జ్వరం విషయంలో మాత్రం నా మాట వేరు. అనవసరపు ప్రయాణాలు వద్దంటున్న నేనే ఇక్కడ గట్టిగా చెబుతున్నాను: గజపతి, రాయగడ, కోరాపుట్ కొండ ప్రాంతాల్లో జ్వరం వస్తే ‘రెండు రోజులు చూద్దాం’ అనకండి. మన దగ్గర మలేరియాలో ఫాల్సిపారం రకం ఎక్కువ, అది మెదడుకు ఎక్కితే మనిషి దక్కడం కష్టం. ఊళ్లో ఆశా దీదీ దగ్గర వేలి రక్తంతో చేసే పరీక్ష ఉంటుంది. అరగంట లోపే తెలిసిపోతుంది. అందుకు ఊరు దాటనక్కర్లేదు, పెద్దాసుపత్రి వరుసలో నిలబడనక్కర్లేదు. ఉచితంగా దొరికేవాటిలో నిజంగా వాడుకోవలసింది ఇదే, కానీ దాన్ని వదిలేసి సూది మందు కోసం పట్నానికి వెళ్లేవాళ్లే ఎక్కువ.

పిల్లల ఊపిరిని గడియారం పెట్టి లెక్కపెట్టడం ప్రతి తల్లికీ రావాలి. బిడ్డ ఏడవకుండా ఉన్నప్పుడు పొట్ట మీది బట్ట తొలగించి, నిమిషం పూర్తిగా లెక్కపెట్టండి. 2 నుంచి 12 నెలల బిడ్డకు నిమిషానికి 50 సార్లు, 1 నుంచి 5 ఏళ్ల బిడ్డకు 40 సార్లు, లేదా అంతకు మించి ఉంటే అది మామూలు జలుబు కాదు, వెంటనే బయలుదేరండి. రెండు నెలలు నిండని పసికందుకు జ్వరం వచ్చినా, పాలు తాగడం మానినా ఏ లెక్కా అక్కర్లేదు. పాము కరిచినా, గుండెలో బరువుగా నొప్పి వచ్చినా, మూతి వంకరపోయినా, గర్భిణికి రక్తం కనిపించినా 108కి ఫోను చేయండి.

సెలైన్ సీసా మీది అక్షరాలు చదవండి

మన వైపు నీరసానికి మందు సెలైన్. “ఒక బాటిల్ ఎక్కించండి, ఒళ్లు తేలికపడుతుంది” అని అడగని రోజు నా ఉద్యోగంలో లేదు. వరికోతలు అయ్యాక, పెళ్లిళ్ల సీజను అయ్యాక ఇంకా ఎక్కువ. ఒకసారి ఒకామె వరండాలో కూర్చుని, కోడలికి సెలైన్ పెట్టలేదని డాక్టరును తిట్టిపోస్తోంది. నేను లోపలి నుంచి ఒక సీసా తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. మీ చేతిలోనూ ఉందనుకోండి.

సీసా మీద ‘సోడియం క్లోరైడ్ 0.9 శాతం’ అని ఉంటుంది. సోడియం క్లోరైడ్ అంటే మనం కూరలో వేసే ఉప్పే. అరలీటరు సీసాలో 4.5 గ్రాముల ఉప్పు, మిగిలినదంతా నీళ్లు. చిన్న చెంచాడు ఉప్పు కూడా నిండదు. ఇంకో రకం ‘డెక్స్ట్రోజ్ 5 శాతం’. అరలీటరులో 25 గ్రాముల గ్లూకోజు, అంటే ఐదారు చెంచాల పంచదార పాటి శక్తి. పెసరట్టు అంత బలం కూడా అందులో లేదు. ఆమె సీసాను అటూ ఇటూ తిప్పి, వెలుతురుకు ఎత్తి చూసి, “ఇంతేనా అమ్మా?” అంది. కిటికీ దగ్గర రోజూ వినే ‘ఇంతేనా’ కాదు అది. నా ఉద్యోగంలో నాకు దొరికిన మంచి మాటల్లో అదొకటి.

నోటితో తాగగలిగిన మనిషికి సెలైన్ వల్ల ఒరిగేది తక్కువ. సూది దిగిన చోట వాపు, చీము వచ్చే అవకాశం ఉంది. గుండె బలహీనంగా ఉన్నవారికి, మూత్రపిండాలు సరిగా పనిచేయనివారికి ఆ ఉప్పునీరు ఊపిరితిత్తుల్లోకి చేరి ప్రాణం మీదికి తెస్తుంది. ఎక్కించుకున్నాక ఒళ్లు తేలికపడినట్టు అనిపించడానికి ఒక కారణం ఉంది: ఆ రెండు గంటలూ ఆ ఇల్లాలు పడుకుని ఉంది. ఇంట్లో ఎవరూ ఆమెను పడుకోనివ్వలేదు.

విరేచనాలకు ఓఆర్ఎస్ పొట్లం సెలైన్ కంటే చిన్నచూపుకు గురైంది. ఒక లీటరు నీళ్లలో కలిపే ఆ పొట్లంలో 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు, 1.5 గ్రాముల పొటాషియం క్లోరైడ్, 2.9 గ్రాముల సిట్రేటు ఉంటాయి. విరేచనాల్లో పోయే పొటాషియం మామూలు సెలైన్‌లో లేదు, ఇందులో ఉంది. 1971లో బంగ్లాదేశ్ యుద్ధకాలంలో శరణార్థులు పశ్చిమ బెంగాల్‌లోని బంగావ్ శిబిరాలకు వచ్చి పడ్డప్పుడు కలరా అంటుకుంది. సెలైన్ నిల్వలు చాలలేదు. అక్కడ పనిచేస్తున్న డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లను డ్రమ్ముల్లో పోయించి, రోగుల బంధువుల చేతనే తాగించారు. అంతకుముందు 30 శాతం దాకా ఉన్న మరణాలు 4 శాతం లోపుకు దిగాయి. సెలైన్ అయిపోయిన చోట గ్లాసుతో నిలబెట్టిన ప్రాణాలవి.

ఇంట్లో పద్ధతి ఇది: కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో పొట్లం మొత్తం ఒకేసారి కలపాలి. సగం పొట్లం, గ్లాసుడు నీళ్లు అని కొలత మార్చకూడదు. కలిపింది 24 గంటలే వాడాలి. పసిపిల్లలకు చెంచాతో, నిమిషానికోసారి. వాంతి అయితే పది నిమిషాలు ఆగి మళ్లీ. దాంతో పాటు జింకు మాత్ర 14 రోజులు: ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకంటే చిన్నవారికి 10. విరేచనాలు ఆగినా జింకు ఆపకండి. కళ్లు లోతుకు పోయినా, ఆరు గంటలు మూత్రం రాకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, తాగింది నిలవకపోయినా ఆసుపత్రికి వెళ్లాలి. అప్పుడు సెలైనే ప్రాణదాత. అందుకోసమే అది మిగలాలి.

డాక్టరు ఎదుట మూడు మాటలు

“ఈ మందు ఎన్ని రోజులు వాడాలి? ఈ పరీక్ష దేనికి? ఇప్పుడు చేయించకపోతే ఏమవుతుంది?” ఈ మూడూ మర్యాదగా అడిగితే ఏ డాక్టరూ కోప్పడరు. వరుసలో వంద మంది ఉన్నా ఈ మూడింటికీ అర నిమిషం చాలు. మన ముసలివాళ్లలో చాలామంది ఇవి అడగకపోవడానికి కారణం భయం కంటే భాష. డాక్టరు ఒడియాలో చెబుతారు, వీళ్లు తల ఊపి వచ్చేస్తారు. అర్థం కాలేదు కాబట్టి మళ్లీ వెళతారు, మళ్లీ మందులు తెచ్చుకుంటారు. అందుకని మా వీధిలో పెద్దవాళ్లకు ఇవి కంఠస్థం చేయించాను: “ఏ ఔషధ కేతె దిన ఖాఇబి?” “ఏ పరీక్షా కాహింకి?” “న కలే కణ హేబ?” అంతే. జవాబు అర్థం కాకపోతే చీటీ మీద రోజుల సంఖ్య వేయించుకుంటే చాలు.

సరిహద్దు మీద ఉన్నందుకు మనకు ఇంకో అలవాటు ఉంది. పర్లాకిమిడిలో చూపించుకుని, నమ్మకం కుదరక శ్రీకాకుళం వెళ్లి, అక్కడి నుంచి విశాఖపట్నం వెళతాం. రాయగడ వాళ్లయితే పార్వతీపురం, విజయనగరం. వెళ్లడం తప్పు కాదు. పాత కాగితాలు ఇంట్లో వదిలి వెళ్లడం తప్పు. ‘అక్కడ మళ్లీ చేస్తారులే, డబ్బేమీ అడగరు కదా’ అనుకుంటాం. వారం తిరగకుండా అదే రక్తపరీక్ష మూడోసారి, అదే స్కానింగు రెండోసారి. అల్ట్రాసౌండ్‌తో గాని ఎమ్ఆర్ఐతో గాని రేడియేషన్ ఉండదు. సీటీ స్కాన్‌తో ఉంటుంది. పొట్టకు తీసే ఒక సీటీ స్కాన్‌లో ఒంటికి తగిలే రేడియేషన్ సుమారు 100 ఛాతీ ఎక్స్-రేలతో సమానం. అవసరమైనప్పుడు అది ప్రాణం కాపాడుతుంది, వెనుకాడకండి. పాత ఫిల్ము సంచిలో ఉన్నా తీసి చూపించకపోవడం వల్ల మళ్లీ తీయించుకోవలసి వస్తే మాత్రం అది మన ఒంటికి మనం చేసుకున్న అన్యాయం.

కార్డులో ఉన్నది మీ సొమ్ములా కనిపిస్తుంది

ఒడిశాలో 2018 ఆగస్టు 15న బిజు స్వాస్థ్య కళ్యాణ్ యోజన మొదలైంది. 2025 ఏప్రిల్ నుంచి దాని చోట ఆయుష్మాన్ భారత్‌తో కలిసి గోపబంధు జన ఆరోగ్య యోజన నడుస్తోంది. కార్డు మీద కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా ఉచిత చికిత్స, ఆడవాళ్లకు అదనంగా ఇంకో 5 లక్షలు. సరిహద్దుకు అవతల 2007లోనే ఆరోగ్యశ్రీ మొదలైంది. ఈ కార్డుల వల్ల గుండె ఆపరేషన్లు జరిగి ఇవాళ పొలం పనికి వెళుతున్నవాళ్లు మా వీధిలోనే ఉన్నారు. అందుకే దీన్ని పొదుపుగా, గౌరవంగా వాడాలంటాను.

మొదట తెలుసుకోవలసింది: ఆ 5 లక్షలు మనిషికి కాదు, కుటుంబానికి. అంతగా అవసరం లేని దానికి చేరి ఖర్చు పెట్టేస్తే, అదే ఏడాదిలో ఇంటి పెద్దకు పక్షవాతం వచ్చినప్పుడు లెక్క తగ్గిపోయి ఉంటుంది. ‘వాడకపోతే ఏడాది చివర పోతుంది కదా’ అని ఆపరేషనుకు చేరినవాళ్లను చూశాను. కోత కోయించుకోవడానికి అది కారణం కాకూడదు. రెండోది: ఆయుష్మాన్ కార్డు ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పుడు పనికొస్తుంది. అందువల్ల కేవలం పరీక్షల కోసం “చేరిపోండి, అన్నీ కార్డు మీద అయిపోతాయి” అనే సలహా మీకు ఎవరో ఒకరు ఇస్తారు. చేరితే పక్క మంచం వారి జబ్బు అంటుకోవచ్చు, మీ కూలి పోతుంది, తోడున్నవారి కూలీ పోతుంది. బయట చేయించుకోగల పరీక్షకు పడక ఎక్కకండి.

మూడోది అక్కచెల్లెళ్ల కోసం, నేను గొంతు పెంచి చెప్పేది. తెల్లబట్ట అవుతోందనో, నెలసరి ఎక్కువ రోజులు ఉంటోందనో గర్భసంచి తీయించుకోవడం మన తెలుగువాళ్లలో విపరీతం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తం మీద 3 శాతం చుట్టూ ఉంటే, ఆంధ్రప్రదేశ్‌లో 9 శాతానికి దగ్గరగా ఉన్నారు. మహారాష్ట్రలోని బీడ్ జిల్లాలో చెరకు కొట్టే కూలి ఆడవాళ్లకు ఎడాపెడా ఈ ఆపరేషన్లు చేసిన సంగతి 2019లో బయటపడింది. అనవసరంగా గర్భసంచులు తీయడాన్ని అరికట్టే మార్గదర్శకాలను అమలు చేయాలని 2023లో సుప్రీంకోర్టు రాష్ట్రాలను ఆదేశించింది. అంత దూరం వెళ్లిన విషయం ఇది.

క్యాన్సరు, ఆపలేని రక్తస్రావం, ఇంకే మందుకూ లొంగని గడ్డలు ఉంటే ఆపరేషను తప్పదు. మిగిలినవాటికి సంతకం పెట్టక ముందు అడగండి: మందులతో మూడు నెలలు చూడవచ్చా? గర్భసంచి ఒక్కటే తీస్తారా, అండాశయాలు కూడానా? అండాశయాలు కూడా తీసేస్తే ముప్పై ఏళ్ల మనిషికి ఆ రోజే ముట్లుడిగిన వయసు వస్తుంది, ఎముకలు గుల్లబారతాయి. ఆ ఆసుపత్రితో సంబంధం లేని ఇంకొక స్త్రీల డాక్టరు అభిప్రాయం తీసుకోండి. “ఇవాళే చేరకపోతే కార్డు పనిచేయదు” అని ఎవరన్నా తొందరపెడితే ఆ గుమ్మం దిగి వచ్చేయండి.

పది రూపాయలు పెడితే సరిపోదా?

చాలామంది నాతో అనే మాట: “ఉచితం కాబట్టే ఎగబడుతున్నారు. చీటీకి పదో ఇరవయ్యో పెడితే అసలు రోగులే వస్తారు.” నేను ఒప్పుకోను. అమెరికాలో 1970లలో ర్యాండ్ అనే పరిశోధన సంస్థ దీన్ని పెద్ద ఎత్తున పరీక్షించింది. కుటుంబాలను చీట్లు తీసినట్టు విడదీసి, కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం చేశారు, కొందరిచేత ఒక పరిమితి దాకా ఖర్చులో 95 శాతం పెట్టించారు. చేతి నుంచి పెట్టుకున్నవాళ్లు దాదాపు 30 శాతం తక్కువ వైద్యం వాడారు. సగటున ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు. అంటే ఉచితమైతే ఎక్కువ వాడతామన్నది నిజమే. కానీ డబ్బుకు భయపడి మానుకున్నవాటిలో అక్కర్లేనివీ ఉన్నాయి, అక్కరైనవీ అంతే ఉన్నాయి. పేదవాళ్లలో బీపీ ఉన్నవారికి ఉచిత వైద్యమే మేలు చేసింది. ఫీజుకు ఏది అవసరమో తెలియదు. అది జేబును చూసి ఆపుతుంది.

ఆ జేబు ఎవరిదో నాకు తెలుసు. ఒక సోమవారం మధ్యాహ్నం కౌంటరు మూసే వేళకు కొండ మీది సవర ముసలామె ఒకరు మనవడిని పట్టుకుని వచ్చింది. రోడ్డు దాకా నడిచి, జీపు ఎక్కి, పొద్దున బయలుదేరితే ఆ వేళకు చేరింది. చీటీలో బీపీ మాత్ర ఒక్కటే రాసి ఉంది, అమ్లోడిపిన్. ఆ రోజు నిల్వ అయిపోయింది. ఉదయం ఊళ్లోవాళ్లు తమ పేరున ఒకసారి, భర్త పేరున ఒకసారి, ‘మళ్లీ ఉంటాయో లేవో’ అని రెండేసి నెలలవి తీసుకెళ్లారు. నేనే ఇచ్చాను. లేవని చెబితే ఆమె ఏమీ అనలేదు. చీటీని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడివేసుకుంది. మనవడు నా వెనక అరలోని బలం మాత్రల సీసాలను చూస్తూ నిలబడ్డాడు. అవి నిండుగా ఉన్నాయి. ఆమె మళ్లీ నా కిటికీ దగ్గరికి రాలేదు.

అందుచేత తగ్గించకూడనివి కూడా చెబుతున్నాను. బీపీ, షుగరు మాత్రలు బాగానే ఉంది కదా అని ఆపకండి. క్షయ మందులు పూర్తి కాలం వాడండి. గర్భిణి పరీక్షలు, పిల్లల టీకాలు ఒక్కటీ తప్పించకండి. మీ నెల మందులు మీరు తీసుకోండి, రెండో నెలవి అరలోనే ఉండనివ్వండి.

తలుపు వెనక ఒక సంచి

చివరిగా చేయవలసిన పని చిన్నది. గట్టి గుడ్డ సంచి ఒకటి, అందులో 100 పేజీల నోటుపుస్తకం. మనిషికి కొన్ని పేజీలు. తేదీ, ఎక్కడ చూపించారు, ఏం చెప్పారు, ఏ మందు ఎన్ని రోజులు, ఎప్పుడు ఆపారు. పాత చీటీలు, రిపోర్టులు, ఫిల్ములు అదే సంచిలో. ఆయుష్మాన్ కార్డు నకలు కూడా. పర్లాకిమిడి వెళ్లినా విశాఖ వెళ్లినా ఆ సంచి లేకుండా గడప దాటకూడదు. వాడుతున్న మందుల షీట్లు కూడా తీసుకెళ్లండి, పేరు చెప్పడం కంటే చూపించడం మేలు.

మొదటి పేజీలో, ఎవరికి ఏ మందు పడదో ఎర్ర సిరాతో పెద్దగా రాయండి. మా అత్తగారి పుస్తకంలో అక్కడ డైక్లోఫెనాక్, అసిక్లోఫెనాక్ అని రెండు పేర్లున్నాయి. ఆమెకు చదువు రాదు. డాక్టరు ముందు కూర్చోగానే ఆ పేజీ తెరిచి, ఎర్ర అక్షరాల మీద వేలు పెట్టి, ఆయన చదివేదాకా తీయరు.